షిప్పో: జపానువారి వెండి మీనాపని

తెల్లని యెనామెలు గిన్నెను, నీలపు అంచుగల యెనామెలు పళ్లెమును ఎఱుగని గృహిణి యుండదు. ఇనుపగిన్నె మీద గాజుపొడి పూసి, కొలిమిలో కరగించి అంటించిన పూతయే ఎనామెలు. చేయి జాఱి గిన్నె క్రిందబడినప్పుడు గోరంత పెచ్చు లేచి, లోపలి నల్లని యినుము కనబడుట మనమందఱము చూచినదే. ఆ గాజుపూతనే పలురంగులుగా గూర్చి, వెంట్రుకవంటి వెండితీగల నడుమ నిలిపి, పూలను, పక్షులను, వెన్నెలరాత్రులను చిత్రించినవారు జపానుదేశీయులు. మన జయపురమువారు నగలపై జేయు మీనాపనియు దీనికి దోబుట్టువే. కాని జయపురపు పనివాడు బంగారమును దొలిచి, ఆ గుంటలలో రంగు నింపును. జపానువాడు తీగను నిలువబెట్టి గట్లు కట్టి, మడికి నీరు పెట్టినట్లు ఒక్కొక్క గదిలో రంగు పెట్టును.

ఈ పనికి జపానుభాషలో షిప్పో అని పేరు. షిప్పో యనగా సప్తరత్నములు. బంగారము, వెండి, రాజావర్తము, స్ఫటికము, పెద్దజాతి సముద్రపు గుల్ల, పగడము, అకీకము అనునవి బౌద్ధగ్రంథములలో జెప్పబడు ఏడు రత్నములు. గ్రంథమును బట్టి ఒకటి రెండు పేర్లు మాఱుచుండును. మనదేశమున బుట్టిన ధర్మముతో గూడ ఈ మాటయు చీనా మీదుగా జపాను చేరినది. బుద్ధలోకములను వర్ణించుటకు వాడిన మాటను ఒక గాజుపూతకు బెట్టిరనగా, ఆ రంగులను జూచి వారెంత ముచ్చటపడిరో యూహింపవచ్చును.

పని యెట్లు జరుగునో ముందు చెప్పెదను. అది తెలియనిదే వస్తువు విలువ తెలియదు. మొదట రాగిరేకును గొట్టి కూజాగానో, పెట్టెగానో, పళ్లెముగానో రూపు దీర్తురు. మిక్కిలి విలువగల వస్తువులకు రాగికి మాఱుగా వెండినే వాడుట కలదు. దానిపై సిరాతో బొమ్మ గీతురు. పిమ్మట నాడావలె చదునుగానుండు సన్నని వెండితీగను చిన్న పట్టుకారుతో వంచి, గీత పోయిన పోకనే, అంచుమీద నిలువుగా నిలుపుదురు. తీగ నిలుచుటకు ఒకజాతి ఆర్కిడ్డు మొక్క దుంపను పొడిచేసి తీసిన జిగురు వాడుదురు. చేమంతిపూవునకు ఎన్ని రేకులో అన్ని తీగముక్కలు. సీతాకోకచిలుక మీసమునకును తీగయే. కరీంనగరపు వెండితీగపని చూచినవారికి ఈ యోపిక క్రొత్తగాదు. అయితే కరీంనగరమున తీగయే వస్తువు, ఇక్కడ తీగ రంగునకు గట్టు.

తీగలు నిలిచిన వెనుక సన్నని గాజుపొడి చల్లి, ఒకసారి కాల్చి, వానిని లోహమునకు బిగింతురు. అటుపిమ్మట రంగులు. పలుగురాతి పొడి, ఎఱ్ఱసీసము, సురేకారము కలిపి కరగించిన గాజే అన్ని రంగులకును మూలము. అందు కోబాల్టు చేరిన నీలమగును, రాగి చేరిన పచ్చయగును. తక్కిన లోహములు తక్కిన వన్నెల నిచ్చును. ఈ గాజును మెత్తగా నూఱి, నీటితో దడిపి, కుంచెతోనో వెదురుపుల్లతోనో ఒక్కొక్క గదిలో నింపుదురు. తడి యారిన పిమ్మట ఏడెనిమిదివందల డిగ్రీల వేడిగల కొలిమిలో కొలది నిమిషము లుంచి తీయుదురు. పొడి కరగి గాజగును, కరగినప్పుడు క్రుంగును. మరల నింపవలెను, మరల కాల్చవలెను. ఇట్లు ఆఱేడు పర్యాయములైనను జరిగినగాని గది తీగయంచు వఱకు నిండదు.

ఇందొక రహస్యమున్నది. కూజా వెలుపల ఎంత శ్రద్ధగా గాజు పూతురో, లోపలను పూయవలెను. రాగి యొకరీతిగను గాజు మఱియొకరీతిగను వేడికి పెరిగి చలికి తఱుగును. ఒకవైపు మాత్రమే గాజున్నచో ఆ లాగుడునకు పూత పగిలిపోవును. అందువలన ఎవరి కంటను బడని కూజా కడుపునకును పూత తప్పదు.

కాల్చుట ముగిసినపుడు వస్తువు చూచుటకు బాగుండదు. ఎగుడుదిగుడుగా, మసకగా నుండును. అప్పుడు సానఱాళ్లతోను, పిదప మెత్తని బొగ్గుతోను, నీరు చల్లుచు అఱగదీయుదురు. ఇది దినములు, వారములు పట్టు పని. క్రమముగా తీగతలలు బయటపడి, గాజుతో సమమై, వెండిగీతలై మెఱయును. గాజులో చిన్న గాలిబుగ్గ దాగియున్నచో ఈ యఱగదీతలో గుంటయై బయటపడును. దానిని నింపి మరల కొలిమిలో బెట్టవలెను. ఆ చివరి కాల్పులో మఱియొకచోట పగులు పుట్టినచో నెలలు చేసిన పని ఒక్క నిమిషములో పోయినట్లే. అన్నియు నిలిచిన వస్తువునకు మూతిచుట్టును, అడుగునను వెండికట్టు వేసి ముగింతురు.

ఇక దీని కథ. పదునేడవ శతాబ్దారంభమున హిరాతా దోనిన్ అనునాతడు కత్తిపిడులకును ఒరలకును అమర్చు చిన్న లోహపు బిళ్లలపై మీనా పెట్టెడివాడు. ఆయన 1646లో మరణించెను. ఆ విద్యను ఆయన వంశమువారు తరతరములుగ గుట్టుగా దాచుకొనిరి. మనదేశమునందును కొన్ని వృత్తులలో కూతురునకైన జెప్పక కోడలికి మాత్రమే చెప్పెడి రహస్యములుండెనని విందుము. గుట్టు అన్నిచోట్ల నొక్కటియే. దీనివలన ఆ కుటుంబమునకు జీవనము జరిగినది, దేశమునకు విద్య దక్కలేదు.

రెండువందల యేండ్లు గడచిన పిమ్మట ఆ గుట్టును బద్దలు కొట్టినవాడు కాజీ త్సునేకిచి. నిజముగనే బద్దలు కొట్టెను. ఆయన 1803లో నేటి నగోయా ప్రాంతమగు ఓవరి సంస్థానమున ఒక సామాన్యపు సామురాయి యింట బుట్టెను. సామురాయి లనగా కత్తిపట్టి ప్రభువును గొలుచు కులీనులు. బిరుదేగాని బియ్యము చాలని కుటుంబము లందు జాలగలవు. త్సునేకిచికి డచ్చివారి వర్తకమున వచ్చినదని చెప్పబడు మీనాపళ్లెమొకటి చేజిక్కెను. చెప్పువారు లేరు, పుస్తకము లేదు. ఆయన ఆ పళ్లెమును పగులగొట్టి, లోపల రాగి యున్నదనియు, దానిపై తీగ యున్నదనియు, తీగల నడుమ గాజున్నదనియు కనిపెట్టెను. 1833 ప్రాంతమున స్వయముగా ఒక చిన్న పళ్లెమును చేయగలిగెను. బిడ్డలు బొమ్మను విప్పి చూచినచో మనము కోపపడుదుము. ప్రియముగా గొన్న వస్తువును పగులగొట్టుటకు త్సునేకిచి యింటివారేమనిరో చరిత్రలో లేదు.

ఆయన తన విద్యను దాచలేదు. నగోయా చెంతనున్న తోషిమా గ్రామమువాడగు హయాషీ షోగోరో ఆయనవద్ద నేర్చుకొనెను. షోగోరోవద్ద త్సుకమోతో కైసుకే, కైసుకేవద్ద హయాషీ కోదెంజీ నేర్చుకొనిరి. ఇట్లు ఒకరినుండి యొకరికి ప్రాకి ఊరూర కొలుములు వెలసినవి. ఆ ప్రాంతమునకే కాలక్రమమున షిప్పో యని పేరు వచ్చినది. 1895లో అచట నాటిన దారిఱాతిపై జపాను అక్షరములతోబాటు ఇంగ్లీషు అక్షరములలో గూడ ఆ పేరు చెక్కియున్నది. పల్లెటూరి దారిలో ఇంగ్లీషు అక్షరము లెందుకనిన, కొనుగోలుదారులు అప్పటికే సముద్రము దాటి వచ్చుచుండిరి.

వారెట్లు వచ్చిరో చెప్పుటకు కత్తుల సంగతి చెప్పవలెను. 1868లో జపానున పాతపాలన పోయి మెయిజీ చక్రవర్తి పాలన వచ్చెను. సంస్థానములు పోయినవి, సామురాయిల భరణములు పోయినవి. 1876లో బహిరంగముగ కత్తి ధరించుట నిషేధింపబడినది. కత్తి ధరింపనివానికి పిడి యేల, ఒర యేల, ఒరమీది వెండిపూవేల? ఈ చిన్నవస్తువులను చెక్కి తరతరములుగా బ్రదికిన వేలకొలది కుటుంబములకు ఒక్క శాసనముతో పొయ్యిలో పిల్లి లేవని స్థితి వచ్చినది. చేతిలో విద్య యున్నది, దానిని కొనువాడు లేడు. ఇదే సమయమున 1873లో వియన్నాలోను, 1876లో ఫిలడెల్ఫియాలోను గొప్ప ప్రదర్శనములు జరిగినవి. అచట జపాను లోహపుపనిని జూచి పాశ్చాత్యులు ఆశ్చర్యపడిరి. ప్రభుత్వమువారికి విదేశపు ధనము కావలసియుండెను; పనివారికి అన్నము కావలసియుండెను. కత్తిపిడులు చెక్కిన చేతులు పూలకూజాలను, ధూపపాత్రలను, నగలపెట్టెలను చెక్క నారంభించెను.

వీరి లోహజ్ఞాన మసాధారణమైనది. రాగిలో కొంచెము బంగారము కలిపి షకుదో యను లోహమును చేయుదురు. అది ఊదాజీర కలిసిన నలుపు. మూడుపాళ్లు రాగి, ఒకపాలు వెండి కలిపినది షిబుయిచి. ఆ మాటకు నాలుగింట నొకపాలని యర్థము. అది మబ్బుపట్టిన యాకసమువలె బూడిదవన్నెగా నుండును. ఈ వన్నెలు పైపూతలు కావు. వస్తువును ముల్లంగితురుము రసములో తడిపి, రాగిలవణములు కలిసిన నీటిలో కాచినచో లోహమే ఆ వన్నె దేలును. వంటయింటి ముల్లంగికి ఇట్టి యుపయోగమున్నదని మనలో నెంతమంది యూహింతురు? మన దక్కనునందలి బీదరు పనివారు పాతకోట మట్టితో లోహమును నల్లజేసి, పొదిగిన వెండిని మాత్రము తెల్లగా నిలుపుట తలపునకు వచ్చును. కానో నత్సువో (1828-1898) ఈ తరమున బెద్దవాడు. కత్తిసామగ్రి చెక్కినవాడే క్రొత్త ప్రభుత్వపు నాణెములకు నమూనాలు గీచెను. పిదప టోకియో చిత్రకళాశాలలో లోహశిల్పమునకు ఆచార్యుడయ్యెను. అందఱకు నంత యదృష్టము పట్టలేదు.

మీనాపనికి పట్టిన అదృష్టము పేరు గాట్‌ఫ్రీడ్ వాగ్నర్. ఈయన 1868లో జపాను వచ్చి, 1892లో అక్కడనే కన్నుమూసిన జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు. అంతవఱకు జపాను మీనా మసకగా నుండెడిది. ఖాళీస్థలమున గాజు నిలువక పగులునను భయముచే నేలయంతయు చిన్నచిన్న తీగచుట్టలతో నింపవలసి వచ్చెడిది. వాగ్నరు నేర్పిన క్రొత్తగాజులు తేటగా, గట్టిగా నుండుటచే తీగ లేని విశాలమైన నేల సాధ్యమైనది. 1878లో ఆయన క్యోటోకు వచ్చినప్పుడు ఆ విద్య నందుకొన్నవాడు నమికవా యసుయుకి.

యసుయుకి (1845-1927) రాజవంశీయుని గొలువులో నున్న సామురాయి. కాలము మాఱగా కత్తి విడిచి పట్టుకారు పట్టెను. ఆయన చేసినవి చాలవఱకు అరచేతిలో నిముడు చిన్నవస్తువులు. ఆయన కనిపెట్టిన నల్లమీనాను జూచి వర్ణించుట కష్టము. అది కాటుక నలుపు కాదు. వానకారు రాత్రి నూతిలోనికి దొంగిచూచినట్లు లోతుగా నుండును. ఆ నలుపుమీద సన్నని వెండి, బంగారుతీగలలో ఊదాపూలగుత్తి, దానిచుట్టును ఒకటిరెండు సీతాకోకచిలుకలు. తక్కినదంతయు ఖాళీ. మన కలంకారీలోను, జరీలోను ఖాళీ కనబడిన నింపుట యలవాటు. ఖాళీని విడుచుటకు గూడ ధైర్యము కావలెనని యాయన పని చూచిన తోచును. పైగా ఆయన తీగ ఒకేలావుగ నుండదు; కుంచెగీతవలె ఒకచోట లావై, ఒకచోట సన్నమై సాగును. క్యోటోలో ఆయన యిల్లును పనిశాలయు నేడు ప్రదర్శనశాలగా నున్నవి. మీనాను అఱగదీయుటకు తెచ్చుకొన్న బివా సరస్సు కాలువనీరే ఇంటిముందరి తోటకొలనులోనికి బాఱించెను. ఇల్లాలికి నచ్చెడి పొదుపు!

ఇదే కాలమున టోకియోలో నమికవా సోసుకే (1847-1910) యుండెను. ఇంటిపేరు పలుకుట యొక్కటే; చుట్టఱికము లేదు. ఇద్దఱును 1896లో చక్రవర్తి యాస్థానశిల్పులైరి. మార్గములు మాత్రము వేఱు. సోసుకే తీగలను నిలిపి, గాజు నింపి, కాల్చుటకుముందే తీగలను దీసివేయు పద్ధతిని వృద్ధిజేసెను. అప్పుడు రంగులు గట్టు లేక ఒకదానిలో నొకటి కలసి, పట్టుగుడ్డపై వేసిన చిత్రమువలె కనబడును. 1909లో ముగిసిన టోకియోలోని అకసకా భవనపు విందుశాలలో వతనబే సేతే గీచిన పూలను, పక్షులను ఆయన మీనాలో దీర్చిన 30 పలకలు గోడలపై నేటికిని గలవు. ఆ నేర్పు సామాన్యము గాదు. అయినను నా యభిప్రాయమున, చిత్రమువలె కనబడుటయే గొప్పయైనచో చిత్రమునే వేయవచ్చును గదా! తీగ పోయిన మీనాలో ఏదో లోపించును. యసుయుకి నలుపుమీద మెఱయు నొక్క వెండిగీతకు ఈ ముప్పది పలకల నిచ్చినను నేను మాఱ్చుకొనను. చదువరులు నాతో నేకీభవింప నక్కఱలేదు.

నగోయావారు గూడ ఊరకుండలేదు. అచట 1880లో స్థాపితమైన అందో సంస్థ యజమాని అందో జూబే 1900లో పారిసు ప్రదర్శనమునకు బోయి, ఒక ఫ్రెంచివాని మీనాపాత్రను జూచెను. దానికి వెనుక లోహము లేదు. వెలుతురు రంగులగుండ ఇవతలికి వచ్చుచుండెను. దానిని గొని స్వదేశమునకు దెచ్చి కవాదే షిబతరో అను తన పనివాని చేతికిచ్చెను. అతడు దాని మర్మము కనిపెట్టెను. రాగిపాత్రపై వెండితీగలతో యథావిధిగా మీనా చేసి, పిదప ఆమ్లములో రాగిని కరగించివేయుదురు. రాగి పోవును, గాజు, వెండితీగలు మిగులును. పాత్రను వెలుతురున బెట్టినచో పూలు గాలిలో దేలుచున్నట్లుండును. ఇందు తప్పు జరిగిన సవరించుటకు వెనుక నాధారమే లేదు.

స్త్రీల నగలలో ఈ పని యెంత చొచ్చెనో చెప్పక విడువరాదు. జపాను స్త్రీలు ముక్కునకు, చెవులకు, మెడకు మనవలె నగలు పెట్టుకొనెడివారు కారు. వారి మక్కువ యంతయు కొప్పుసూదులమీదను, నడికట్టు ముందర నమర్చు ఓబిదొమే యను బిళ్లమీదను. కత్తిపని పోయిన శిల్పులు ఈ బిళ్లలను వెండితోను మీనాతోను జేసిరి. నిన్న సామురాయి ఒరమీద నుండిన చేమంతి నేడు అతని కోడలి నడుమునకు జేరినదన్నమాట.

మఱియొకటి బొంబోనియేరు. ఇది ఫ్రెంచిమాట, మిఠాయిబరిణె యని చెప్పవచ్చును. జపాను రాజకుటుంబమున వివాహాది శుభకార్యములకు వచ్చిన యతిథులకు చిన్న వెండిబరిణెలో పంచదారగుళికలు పెట్టి యిచ్చు వాడుక మెయిజీ కాలమున బుట్టినది. 1894లో చక్రవర్తి దంపతుల వివాహరజతోత్సవమునాడు ఇట్టివి పంచిరి. తాబేలు, కొంగ, డోలు, పడవ ఇట్లు నానారూపములుగా నుండును. కొన్నిటిపై మీనా యుండును. గుళికలు ఒక పూటలో ముగియును, బరిణె మనుమరాలి వఱకు వచ్చును. మనము పేరంటమున పంచు కుంకుమబరిణెకు ఇది యక్కవరుస. ఆ వాడుక నేటికిని నిలిచియున్నది.

ఇంత వైభవము చిరకాల ముండలేదు. విదేశపు గిరాకి పెరిగినకొలది చౌకసరకును బెరిగినది. పలుచని రాగి, ముదుకతీగ, తొందరకాల్పు; ఓడలనిండ పంపిరి. పెట్టెలలోనిది చౌకదైనప్పుడు మంచిదానికిని పేరు తగ్గును. పాశ్చాత్యుల యభిరుచియు మాఱెను. 1940 జూలై 7న జపాను ప్రభుత్వము విలాసవస్తువుల తయారిని, అమ్మకమును నిషేధించెను. యుద్ధమునకు లోహము కావలసి యుండెను, మనుష్యులును కావలసియుండిరి. కొలుములు చల్లాఱినవి. యుద్ధానంతరము కొన్ని మరల వెలిగినవిగాని, పూర్వపు సన్నపుపని చేయగలవారి చేతులు అప్పటికి పోయినవి.

అన్నిటికంటె విచిత్రమేమనగా ఇంత గొప్పపనిని జపాను ప్రజలే చూడలేదు. శ్రేష్ఠమైన వస్తువులు కొలిమినుండి తిన్నగా ఓడ యెక్కినవి. అవి లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలోను, ఖలీలీ సంగ్రహములోను, అమెరికా ధనికుల యిండ్లలోను జేరినవి. మురతా మసయుకి యను వ్యాపారి అమెరికాలో ఒక పాతవస్తువుల అంగడిలో తన దేశపు శిల్పము జూచి, తన యూరిలో కనబడనిది ఇచట నుండుట కచ్చెరువంది, ఏండ్లతరబడి కొని వెనుకకు దెచ్చెను. 2000 సంవత్సరమున క్యోటోలో వానికొక ప్రదర్శనశాల తెఱచెను. ఓవరి మీనాను 1995లో ప్రభుత్వము సంప్రదాయశిల్పముగా గుర్తించినది. ఒకప్పుడు వాడవాడల కొలిమి వెలిగిన షిప్పో ప్రాంతమున నేడు పనిచేయు ఇండ్లు చేతివ్రేళ్లపై లెక్కింపదగినన్ని. తీగ వంచువారు, రంగు నింపువారు, అఱగదీయువారు వేర్వేఱుగా నుండిన పనిలో ఒక్కరు తగ్గినను వస్తువు పూర్తిగాదు.

హైదరాబాదులోని సాలార్‌జంగు ప్రదర్శనశాలకు బోవు సోదరీమణులు తూర్పుదేశముల విభాగమున జపాను వస్తువులయొద్ద కొంతసేపు నిలువవలెనని కోరుదును. ఇంట నెవరికైన తాతలనాటి మీనాకూజా యున్నచో దానికి చింతపండు తగులనీయరాదు. వెండికట్టు నల్లబడినదని పులుసుతో రుద్దినచో పులుపునకు గాజు మెఱుగు చెడును. ముగ్గుపొడియు, బూడిదయు గీతలు పెట్టును. మెత్తని పొడిగుడ్డ చాలును. వేడినీరు పోసి వెంటనే చల్లనీరు పోయరాదు. కారణము పైన జెప్పితిని.

క్రొత్తగా కొనువారు రంగుల తళుకునకు లోబడక, వస్తువును వెలుతురునకు ఏటవాలుగా బట్టి చూడవలెను. పైభాగము నిలువనీటివలె సమముగ నున్నదా, సూదిపోటువంటి గుంటలున్నవా, తీగ విఱుగక సాగినదా యని గమనింపవలెను. పిదప వస్తువును తిరుగవేయవలెను. యసుయుకి తన పేరును అడుగున నమర్చిన చిన్నరేకుపై చెక్కెడివాడు; దొంగపేర్లు చెక్కినవారును లేకపోలేదు. అచ్చవెండి వస్తువైనచో జున్‌గిన్ అను రెండక్షరముల ముద్ర యుండవచ్చును. 1929 నుండి జపాను టంకశాలవారు పరీక్షించిన వెండిపై వారి జెండాగుఱుతును, వజ్రపుటాకారములో వెండిపాలు తెలుపు సంఖ్యయు కనబడును. అంగడివాడు కూజా మూతినే త్రిప్పిత్రిప్పి చూపుచున్నచో, అడుగు చూపుమని యడుగుటకు మొగమోట పడనక్కఱలేదు.